ఏడో నంబరు సంచి

ఉత్తరంలో ఉన్నవి రెండే వాక్యాలు. మీటరమ్మ మాత్రం దాన్ని నాలుగోసారి చదువుతోంది.

‘ఏడో నంబరు పేషెంటు గురించి మీ పుస్తకంలో రాసింది నిజం కాదు. వెంటనే సరిచూసుకోవలెను.’

సంతకం లేదు. తేదీ ఉంది, పక్కనే 14.05 అని టైము ఉంది. ఆ కింద ముప్పాతిక కాగితం ఖాళీ. ఆ ఖాళీ మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఏటవాలుగా ఒక గీత.

“కంఠస్థం అయిందా మేడమ్?” అన్నాడు ఇన్‌స్పెక్టరు గోడ గడియారం కేసి చూస్తూ. “పదకొండూ ఇరవై. నాలుగింటికి ఆసుపత్రి కమిటీ కూర్చుంటుంది. ఈ ప్రయోగం మూతపడటానికి వాళ్ళకి పది నిమిషాలు చాలు. ఆ తర్వాత డాక్టరు గారితో నాకు తీరిగ్గా పని ఉంది.”

బల్లకి అవతల డాక్టరమ్మ కూర్చుని ఉంది. రెండు రాత్రులు నిద్ర లేని మొహం. చేతిలో పెన్ను మూత తీస్తోంది, పెడుతోంది.

మీటరమ్మ ఉత్తరాన్ని కవర్లో పెట్టి ఇచ్చేసింది. ఆమెకి ఆ పేరు ఊరికే రాలేదు. కరెంటు దొంగల్ని పట్టుకునే విభాగంలో ఇరవై ఆరేళ్ళు పనిచేసింది. మీటరుకి అయస్కాంతం పెట్టినవాణ్ణి, గోడలోంచి దొంగ వైరు లాగినవాణ్ణి, ఫ్రిజ్జు లేదని చెప్పి చల్లటి నీళ్ళిచ్చినవాణ్ణి పట్టుకుంది. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టినప్పుడు నవ్వినవాళ్ళలో ఈ ఇన్‌స్పెక్టరు మొదటివాడు. ఆ తర్వాత మూడు కేసుల్లో ఆమె అతని గాలి తీసేసింది. అప్పట్నుంచి అతనికి ఆమెని చూస్తే ఒళ్ళు మంట. ఇవాళ ఆమెని పిలిపించింది డాక్టరమ్మ.

“డాక్టరు గారూ, నాకు కరెంటు తెలుసు, రోగం తెలీదు. మొదట్నుంచీ ఇంకోసారి చెప్పండి. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పండి.”

డాక్టరమ్మ పెన్ను బల్ల మీద పెట్టింది. “మెదడులో గడ్డ పెరగాలంటే క్యాన్సర్ కణం రెండుగా చీలాలి. చీలే ముందు దాని లోపల దారాల్లాంటివి వరసగా నిలబడతాయి. గుండు చేసిన తల మీద పట్టీలు అంటించి వాటిలోంచి సన్నటి కరెంటు పంపిస్తాం. అది సెకనుకి రెండు లక్షల సార్లు దిక్కు మార్చుకుంటుంది. ఆ ఊపుకి దారాల వరస చెదిరిపోతుంది. వరస చెదిరితే కణం చీలలేక చస్తుంది. మెదడులో మంచి కణాలు దాదాపుగా చీలవు కాబట్టి వాటి జోలికి పోదు.”

“షాకు కొట్టదా?”

“వెచ్చగా ఉంటుందంతే. పెట్టె సంచిలో వేసుకుని భుజాన తగిలించుకుని రోజుకి పద్దెనిమిది గంటలు తిరగాలి.” మాట్లాడుతుంటే ఆమె గొంతులోకి ప్రాణం వచ్చింది. “ఇరవై మంది ఉన్నారు. పదిమంది పెట్టెల్లో అసలు కరెంటు ఉంటుంది. మిగతా పదీ ఉత్తుత్తి పెట్టెలు. అదే చప్పుడు, అదే లైటు, అదే బరువు, కరెంటు మాత్రం ఉండదు. ఎవరిది ఏదో పేషెంట్లకి తెలీదు, నాకూ తెలీదు. కమిటీ దగ్గర సీలు వేసిన కవర్లలో ఉంటుంది. తెలిస్తే మన చూపు మారిపోతుంది కదా!”

“ఈ ఉత్తరం రాగానే కమిటీ ఏడో నంబరు కవరు చించింది,” అని ఇన్‌స్పెక్టరు అందుకున్నాడు. “ఏడు ఉత్తుత్తి పెట్టె. ఆ పేషెంటు ఓ స్కూలు టీచరు. పది నెలల్లో ఆవిడ గడ్డ సగానికి తగ్గింది. కరెంటు లేకుండా, గాలికి! ఇందులో పెద్ద చిక్కుముడి ఏముంది? ప్రయోగం గెలిచిందనిపించుకోవాలని డాక్టరు గారు స్కానులు మార్చారు. తీరా చూస్తే తప్పు మనిషివి మార్చారు. పాపం, ఎవరిది ఏదో ఆవిడకీ తెలీదుగా!”

“నేను మార్చలేదు,” అంది డాక్టరమ్మ.

“అందరూ మొదట అదే అంటారు.”

మీటరమ్మ లేచింది. “మరి పెట్టె మారి ఉంటే?”

“మీకు ఏది చూసినా తీగలూ పెట్టెలే కనిపిస్తాయి మేడమ్.”

“మీకు ఎవర్ని చూసినా దొంగే కనిపిస్తాడు. ఎవరి ఉద్యోగం వాళ్ళది,” అని ఆమె తలుపు తీసింది.

డాక్టరమ్మ వరండాలోకి వెంటబడి వచ్చింది. “నా ఉద్యోగం పోతే పోనివ్వండి మేడమ్. నాలుగింటికి ఇది మూతపడితే ఇరవై మంది భుజాల మీంచీ పెట్టెలు దింపేస్తారు. అందులో పదింటిలో నిజంగా కరెంటు ఉంది. అది పనిచేస్తోందని నా మనసుకి తెలుసు. కాగితం మీద చూపించలేకపోతున్నాను.”

“మనసు సంగతి కమిటీకి అక్కర్లేదమ్మా. కాగితం నేను వెతుకుతాను.”

*

పట్టీలు మార్చే గది వరండా చివర ఉంది. మూడు రోజులకోసారి పేషెంట్లు వస్తారు. పాత పట్టీలు పీకించుకుని, మొలిచిన వెంట్రుకలు గొరిగించుకుని, కొత్తవి అంటించుకుని వెళ్తారు. ఖాళీ బ్యాటరీలు ఇచ్చేసి నిండినవి తీసుకుంటారు.

గది చిన్నది. ఒక కుర్చీ, అద్దం, గోడకి వరసగా ఆరు కొక్కేలు. కొక్కేలకి నీలం సంచులు వేలాడుతున్నాయి, ప్రతి సంచి మీదా పెద్ద అంకె. మీటరమ్మ ఒకటి తెరిచి చూసింది. లోపల ఇటుకంత తెల్ల పెట్టె. రెండు పిన్నులు లాగి, జిప్పు మూస్తే సరి. చేతి గడియారం పెట్టుకుని ఒక సంచిలోది ఇంకో సంచిలోకి మార్చి, మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టింది. ఒక్కో మార్పుకి నలభై సెకన్లు పట్టింది.

“అంకెలు సంచుల మీద ఉన్నాయి. పెట్టెల మీద లేవే?” అని అడిగింది.

“పెట్టె అడుగున సన్నగా ఏదో పొడుగు నంబరు ఉంటుందమ్మా. అది కమిటీ వాళ్ళకే అర్థమవుతుంది,” అన్నాడు బార్బరు, కత్తెరలు తుడుస్తూ. అరవై దాటిన మనిషి, తెల్ల కోటు, తల నిండా ఒత్తైన జుట్టు. ఈ గదిలో జుట్టున్నవాడు అతనొక్కడే.

“మీరు తల గొరిగేటప్పుడు పేషెంటు ఎటు చూస్తూ ఉంటాడు?”

“తల వంచుకుని కళ్ళు మూసుకుంటారు.”

“మిగతావాళ్ళు?”

“బయట వరండాలో బెంచీ మీద కబుర్లు చెప్పుకుంటారు. ఒకళ్ళ కొక్కెం ఒకళ్ళు తడుముకుంటూ ఉంటారు. ఇక్కడ తాళాలేమీ లేవమ్మా.”

“పది నెలలుగా మీరు ఈ తలలు చూస్తున్నారు. కరెంటున్న తలకీ లేని తలకీ ఏమైనా తేడా ఉందా?”

బార్బరు చెయ్యి ఆగింది. అద్దంలోంచి ఆమెని చూశాడు. “ఉంది. కరెంటున్న తల మీద పట్టీలు పీకాక గుండ్రంగా ఎర్రటి మచ్చలుంటాయి. వెచ్చదనానికి వస్తాయి, రెండు రోజుల్లో పోతాయి, మళ్ళీ వస్తాయి. లేని తల నున్నగా ఉంటుంది.”

“డాక్టరు గారికి చెప్పారా?”

“ఎవరూ అడగలేదు. పట్టీలు పీకేదీ అంటించేదీ నేనే. నర్సులు కూడా అంటించాకే చూస్తారు.”

“ఏడో నంబరు తల ఎలా ఉండేది?”

“అది చెప్పనమ్మా.”

“ఏం?”

“నా కుర్చీలో కూర్చున్న మనిషి తల గురించి ఇంకొకళ్ళకి చెప్పడం నా వృత్తికి తగదు. మొదటి నెలలో ఒక్కసారి నోరు జారాను. మచ్చలున్న ఒక పెద్దమనిషికి ‘మీకు కరెంటు తగులుతోంది లెండి, అదృష్టవంతులు’ అనేశాను. ఆయన మొహం చూశాక నాలుక కరుచుకున్నాను. మళ్ళీ జారనివ్వను.”

“మొహం ఎలా పెట్టాడు?”

“బస్సులో సీటు దొరికినవాడు పక్కన ఎవరైనా నిలబడి ఉంటే చూసినట్టు చూశాడమ్మా.”

అంతకు మించి ఒక్క ముక్క రాబట్టలేకపోయింది. ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే మీటరమ్మకి కూడా ఆ పెద్దాయన దగ్గర పప్పులుడకలేదు. ఆమెకి అతను నచ్చాడు.

బల్ల మీద హాజరు పుస్తకం ఉంది. వచ్చినవాళ్ళు వేళ రాసి సంతకం పెట్టాలి. పేజీలు తిప్పింది. ‘ప. 11’, ‘పదిన్నర’, ‘11 గం.’ అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాశారు. ఒక్క పేషెంటు మాత్రం ప్రతిసారీ 10.40, 11.05, 14.20 అని చుక్క పెట్టి రాశాడు. ‘ఇతర విషయములు’ అన్న గడి ఖాళీగా ఉంటే ఊరుకోలేదు. మధ్యలో ఎవరూ ఏమీ ఇరికించకుండా ఏటవాలుగా గీత కొట్టాడు.

సంతకం పక్కన నంబరు పన్నెండు.

“ఈయనేం చేసేవాడు?” అంది మీటరమ్మ.

“బస్సు కండక్టరమ్మా. ముప్పై అయిదేళ్ళు చేశాడు. రోజూ ట్రిప్పు కాగితం నింపీ నింపీ ఆ చెయ్యి అలా అలవాటు పడిపోయింది.”

*

పన్నెండున్నరకి ఆమె బేస్‌మెంటులో ఉంది. బ్యాటరీలు ఛార్జి చేసే అల్మారాలో ఇరవై గళ్ళు, పేషెంటు నంబరుకి ఒకటి చొప్పున. ఒక్కో గడి కింద అరచేతిలో పట్టేంత మీటరు. అది చూసేసరికి ఆమెకి పుట్టింటికి వచ్చినట్టయింది.

ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసింది.

“అవి ఎందుకు పెట్టారు బాబూ?”

“మంటలు రాకుండా మేడమ్. ఏ గడైనా ఎక్కువ లాగితే తెలియాలి కదా. ప్రతి శనివారం రీడింగు రాస్తాను.”

“ఆ పుస్తకం డాక్టర్లు ఎప్పుడైనా చూశారా?”

“వాళ్ళకెందుకు మేడమ్? బిల్డింగు పుస్తకం అది. పాతది అక్కడే బీరువాలో ఉంది, తీసుకోండి. కొత్తది నా జేబులో ఉంది. పక్క బిల్డింగులో లిఫ్టు ఆగిపోయింది, మూడింటి లోపల వస్తాను.”

పాత పుస్తకం నూనె మరకలతో ఉంది కానీ అంకెలు ముత్యాల్లా ఉన్నాయి. కరెంటు పంపే పెట్టె బ్యాటరీని పూర్తిగా తాగేస్తుంది, దాన్ని మళ్ళీ నింపాలంటే ఎక్కువ యూనిట్లు పట్టాలి. ఉత్తుత్తి పెట్టెకి లైటూ చప్పుడే ఖర్చు. మీటరమ్మ వేలు పెట్టి ఏడో గడి వరస చదివింది. మొదటి నాలుగు శనివారాలూ వారానికి యూనిట్ లోపే. అయిదో శనివారం నుంచి అయిదు యూనిట్లు, ఆ తర్వాత ప్రతి వారమూ అయిదే.

పన్నెండో గడి చూసింది. మొదటి నాలుగు వారాలూ అయిదేసి. అయిదో శనివారం నుంచి యూనిట్ లోపే.

ఇలాంటి దొంగతనం ఆమె జన్మలో చూడలేదు. కరెంటు తనవైపు లాక్కున్నవాళ్ళనే ఇరవై ఆరేళ్ళు పట్టుకుంది. ఇక్కడ ఎవరో తన కరెంటు తీసి పక్కవాళ్ళకి పెట్టారు.

రెండు మెట్లకో అడుగేసి పైకి పరుగెత్తింది.

*

“మోకాలికీ బోడిగుండుకీ ముడిపెడుతున్నారు మేడమ్,” అన్నాడు ఇన్‌స్పెక్టరు అంతా విని.

“ఈ కేసులో బోడిగుండే అసలు సాక్షి లెండి. ఏడో సంచి తెరవండి. అందులో కరెంటున్న పెట్టె లేకపోతే నేను బోర్డు తీసేస్తాను.”

అనకూడని మాట అనేసింది.

ఒంటిగంటా యాభైకి టీచరుని పిలిచారు. ముప్పై నాలుగేళ్ళుంటాయి, సన్నగా ఉంది, తలకి ఆకుపచ్చ స్కార్ఫు. సంచి బల్ల మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇన్‌స్పెక్టరు కమిటీ ఇచ్చిన కాగితం పక్కన పెట్టుకుని, పెట్టె తిరగేసి, అడుగున ఉన్న పొడుగు నంబరు ఒక్కో అంకె పైకి చదివాడు. కాగితంలో ఉన్నదీ అదే. ఒక్క అంకె తేడా లేదు.

“ఉత్తుత్తి పెట్టె. మొదటి రోజు ఇచ్చిందే. ఎవరూ మార్చలేదు,” అన్నాడు. నవ్వు ఆపుకోవడానికి ప్రయత్నం కూడా చెయ్యలేదు. “బోర్డు ఎప్పుడు తీస్తారు మేడమ్? నిచ్చెన కావాలంటే మా స్టేషన్లో ఉంది.”

డాక్టరమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. మీటరమ్మకి చెవులు వేడెక్కాయి. మీటరు అయిదు యూనిట్లంటోంది, పెట్టె చూస్తే ఉత్తుత్తిది. రెండూ నిజమే, రెండూ కలిసి నిజం కావు.

అప్పుడు గుర్తొచ్చింది. పాత పుస్తకం ఆఖరి పేజీ మీద ఉన్న తేదీ దాదాపు మూడు నెలల కిందటిది. పాత రీడింగుతో ఎవరి మీదా కేసు రాయకూడదని కొత్త ఉద్యోగులకి పాతికసార్లు చెప్పిన మనిషి, తనే పాత రీడింగు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. తన్ను తాను నాలుగు తిట్టుకుంది.

టీచరు పెట్టె సంచిలో పెట్టుకుంటోంది. ఆమె మొహంలో ఆశ్చర్యం లేదు. అది మాత్రం మీటరమ్మ గమనించింది.

*

కండక్టరు బెంచీ చివర కూర్చుని ఉన్నాడు. అరవై ఎనిమిదేళ్ళు, గళ్ళ టోపీ, చొక్కా జేబులో చిన్న పుస్తకం, దానికి గుచ్చిన పెన్ను. పక్కన ఇంకొకళ్ళు కూర్చునే జాగా ఉంచి, సంచి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ముప్పై అయిదేళ్ళ అలవాటు.

“ఉత్తరం మీరు రాసిందే కదూ?” అంది మీటరమ్మ కూర్చుంటూ.

“ఏ ఉత్తరం?”

“ఖాళీ జాగా కొట్టేసిన ఉత్తరం.”

ఆయన నవ్వాడు. “చెయ్యి పట్టిచ్చేసిందన్నమాట.”

“పెట్టె కూడా మీరే మార్చారు.”

“మార్చాను. తప్పే. మొదటి రోజే డాక్టరమ్మ చెప్పింది, పెట్టె మీద చెయ్యి వేసినవాళ్ళని ప్రయోగంలోంచి తీసేస్తామని. కానీ బార్బరు మాట విన్నాక కూర్చోలేకపోయాను. నా తల మీద మచ్చలు, ఆ అమ్మాయి తల నున్నగా ఉంది. దానికి ఏడేళ్ళ కూతురమ్మా. ఈ బెంచీ మీద కూర్చుని ఎక్కాలు చదువుతుంది. నేను బండి దిగాల్సిన స్టాపు ఎలాగూ దగ్గర పడింది. సీటు ఇచ్చేశాను, అంతే.”

“మరి ఉత్తరం ఎందుకు?”

“అక్కడే నా బుర్ర పనిచెయ్యలేదు.” ఆయన టోపీ మీద చెయ్యి వేసుకున్నాడు. “నా గడ్డ పెరుగుతోంది. పెరగనీ అనుకున్నాను. కానీ పుస్తకంలో నాది కరెంటు పెట్టె. ‘కరెంటు పెట్టినా పన్నెండుకి పెరిగింది, కరెంటు లేకుండానే ఏడుకి తగ్గింది’ అని రాసుకుంటారు. రేపు కవర్లు విప్పి, ఈ వైద్యం దండగని పారేస్తారు. నేను ఒకరికి ఇచ్చాననుకుని వెనకాల క్యూలో ఉన్న వాళ్ళందరి నోటి దగ్గర కూడు కొట్టానన్నమాట. పేరు రాస్తే అమ్మాయి పెట్టె లాగేసుకుంటారు. అందుకే పేరు లేకుండా రాశాను. వాళ్ళు సరిచూసుకుంటారనుకున్నానే గానీ, డాక్టరమ్మ మీద పడతారని కలలో కూడా అనుకోలేదు. నాలుగింటికి లోపలికెళ్ళి చెప్పేద్దామనే కూర్చున్నాను.”

“చెప్పినా నమ్మరు. ఇందాక ఏడో సంచి తెరిచారు. అందులో ఉత్తుత్తి పెట్టే ఉంది.”

కండక్టరు లేచి నిలబడ్డాడు. “అబద్ధం! ఈ చేతుల్తో మార్చాను!”

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడు. ఎలక్ట్రీషియన్ రొప్పుతూ వచ్చి జేబులోంచి పుస్తకం తీశాడు. గడియారం రెండూ యాభై అయిదు. వెనకే ఇన్‌స్పెక్టరు, డాక్టరమ్మ వచ్చారు. ఇన్‌స్పెక్టరు తమాషా చూడ్డానికే వచ్చాడు.

మీటరమ్మ పుస్తకం తెరిచింది. ఏడో గడి: అయిదు, అయిదు, అని రెండు వారాలు. మూడో శనివారం నుంచి యూనిట్ లోపే. పన్నెండో గడి: యూనిట్ లోపు, యూనిట్ లోపు. మూడో శనివారం నుంచి అయిదు.

ఆమె పుస్తకం మూసి, వరండా ఆ చివర కిటికీ దగ్గర నిలబడ్డ టీచరుని చూసింది.

“టీచరు గారూ, రెండున్నర నెలల కిందట మళ్ళీ మార్చింది మీరేనా?”

టీచరు నీళ్ళు నమల్లేదు. తిన్నగా నడిచి వచ్చి స్కార్ఫు విప్పింది. ఇవాళ పాత పట్టీలు పీకేశారు, కొత్తవి ఇంకా అంటించలేదు. తల నున్నగా ఉంది. ఒక్క మచ్చ కూడా లేదు.

“మా అమ్మాయికి నా గుండు మీద మచ్చలు లెక్కపెట్టడం ఆట,” అంది కండక్టరు వైపు చూస్తూ. “‘మొదట్లో లేవు కదమ్మా, తాతయ్యకి ఉండేవి కదా, తాతయ్యవి నీకెలా వచ్చాయి?’ అని అడిగింది. నేను లెక్కల టీచర్నండీ, నాకు ఆ లెక్క ఏడేళ్ళ పిల్ల చెప్పాల్సి వచ్చింది. బాబాయ్ కుర్చీలో కళ్ళు మూసుకున్నప్పుడు మార్చేశాను.”

కండక్టరు టోపీ తీశాడు. ఆయనకీ ఇంకా కొత్త పట్టీలు అంటించలేదు. ఆయన తల మీద నాణేలంతేసి ఎర్రటి వలయాలు. అవి ఆయనకి కనిపించవు, వెనకవైపు ఉన్నాయి. చేత్తో తడుముకున్నాడు.

“నీకేమైనా మతి పోయిందా అమ్మాయ్? నిన్నెవరు మార్చమన్నారు?”

“మిమ్మల్నెవరు మార్చమన్నారు?”

“నాకు అరవై ఎనిమిదేళ్ళు!”

“అయితే? మా అమ్మాయి ఎక్కాలు ఎవరికి అప్పజెప్పాలి? దానికి ఉన్న తాతయ్య మీరొక్కరే. ఇన్ని నెలలు మీ వంతు నేను వాడుకున్నాను, నాకు తెలీకుండా. తెలిశాక ఎలా ఉంచుకుంటాననుకున్నారు బాబాయ్?” ఆమె డాక్టరమ్మ వైపు తిరిగింది. “డాక్టరు గారి పేరు పాడవుతుంటే నోరు మూసుకున్నాను. అది నా తప్పే. చెబితే ఈయన పెట్టె తీసేస్తారని భయం. ఇవాళ నాలుగింటికి చెప్పేద్దామనే వచ్చాను.”

ఒకళ్ళకోసం ఒకళ్ళు నోరు కుట్టేసుకుని, ఒకే బెంచీకి చెరో చివరా కూర్చున్నారు ఇద్దరూ. కండక్టరు కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. బార్బరు గది గుమ్మంలో నిలబడి కళ్ళు తుడుచుకుంటున్నాడు. అతనికి అన్నీ ముందే తెలుసని మీటరమ్మకి అర్థమైంది.

డాక్టరమ్మ తన గదిలోకి పరుగెత్తింది. రెండు ఫైళ్ళతో వచ్చి బెంచీ మీదే పరిచింది.

“చూడండి. అయిదో వారం తర్వాత ఈమెది తగ్గడం మొదలైంది, ఈయనది పెరగడం మొదలైంది. రెండున్నర నెలల కిందట మళ్ళీ మార్చారా? పోయిన వారం స్కానులో ఈమె గడ్డ తగ్గడం ఆగిపోయింది. ఈయనది పెరగడం ఆగింది. ఎందుకాగిందో తెలీక నాలుగు రోజులు తల పట్టుకున్నాను!” ఆమె నవ్వుతోంది, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. “ఇద్దరితో వైద్యం రుజువైపోదు. ఇంకా ఏళ్ళు పడుతుంది. కానీ కరెంటు ఎటు వెళ్తే గుణం అటు వెళ్ళింది, రెండుసార్లూ. దీన్ని ఆపకూడదని చెప్పడానికి ఇది చాలు.”

మీటరమ్మ ఇన్‌స్పెక్టరు కేసి చూసింది. అతను రెండు ఫైళ్ళూ, రెండు రీడింగు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి తేదీలు వేలితో సరిచూస్తున్నాడు. తొందరపడే మనిషే కానీ లెక్క తేలాక దాన్ని తుడిపేసే మనిషి కాదు.

“స్కానులు ఎవరూ మార్చలేదు,” అన్నాడు చివరికి. డాక్టరమ్మ వైపు తిరిగి, “క్షమించాలి” అని గొణిగాడు. అది చెప్పడానికి అతను కేసంతటికీ పడ్డంత కష్టపడ్డాడు.

“మా రూలు ఒకటుంది,” అంది డాక్టరమ్మ నెమ్మదిగా. “పెట్టె మీద చెయ్యి వేసినవాళ్ళని ప్రయోగంలోంచి తీసెయ్యాలి. ఇద్దర్నీ. నేను రాసిన రూలే అది.”

టీచరు కండక్టరు భుజం మీద చెయ్యి వేసింది.

ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు. “ప్రయోగంలోంచి తీసెయ్యండి. వైద్యంలోంచి తీసెయ్యాలని రూల్లో ఉందా?”

“లేదు,” అంది డాక్టరమ్మ. ఒక్క క్షణం ఆగి, “లేదు! బయట పేషెంట్లుగా ఇవ్వచ్చు. కమిటీ ఒప్పుకుంటే. బీరువాలో వాడని అసలు పెట్టె ఒకటి ఉంది.”

“ఏడో సంచిలోది సాక్ష్యం కింద నేను పట్టుకెళ్తున్నాను. పేషెంటు దగ్గర పెట్టె లేకుండా పోయింది, దానికి బదులు ఇంకోటి ఇవ్వాలని కమిటీకి నేనే రాసిస్తాను.” అతను మీటరమ్మ కేసి చూడకుండా, “ఉత్తుత్తిది ఎవరికీ పనికిరాదు ఎలాగూ” అన్నాడు.

“నిచ్చెన మీ స్టేషన్లోనే ఉంచండి ఇన్‌స్పెక్టరు గారూ,” అంది మీటరమ్మ.

*

నాలుగింటికి తలుపు మూసుకుంది. లోపల డాక్టరమ్మ, ఇన్‌స్పెక్టరు, రెండు ఫైళ్ళు, నూనె మరకల పుస్తకాలు. బయట బెంచీ మీద ముగ్గురు. బార్బరు పని లేకపోయినా పక్కనే నిలబడ్డాడు. నాలుగుంబావు అయింది. మీటరమ్మ తన కేసుల్లో తీర్పు కోసం ఎప్పుడూ కూర్చోలేదు, కాగితం ఇచ్చి వెళ్ళిపోయేది. ఇవాళ కదల్లేకపోయింది.

నాలుగూ ఇరవై అయిదుకి తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ రెండు చేతుల్తో ఒక తెల్ల పెట్టె పట్టుకుని వచ్చింది. ఏమైందని ఎవరూ అడగలేదు. ఆమె మొహం చూస్తే అడగాల్సిన పని లేదు.

బార్బరు అక్కడే కండక్టరు తల మీదా, టీచరు తల మీదా పట్టీలు ఒక్కొక్కటీ అంటించాడు. డాక్టరమ్మ పిన్నులు గుచ్చి మీట నొక్కింది. సన్నటి చప్పుడు మొదలైంది. బెంచీ ఆ చివర కండక్టరు సంచిలోనూ అదే చప్పుడు.

“ఇంకోసారి దాని మీద చెయ్యి వేశావో...” అన్నాడు కండక్టరు వేలు చూపిస్తూ.

“మీరు వెయ్యకండి, నేనూ వెయ్యను,” అంది టీచరు.

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తేదీ వేసి, 16.40 అని రాశాడు. పక్కన ‘ఇద్దరికీ కరెంటు వచ్చినది’ అని రాశాడు. అలవాటు చొప్పున పెన్ను మిగిలిన ఖాళీ జాగా పై మూలకి వెళ్ళింది. మీటరమ్మ పక్కనుంచి చూస్తూనే ఉంది.

పెన్ను అక్కడ ఒక్క క్షణం ఆగింది. ఆయన గీత కొట్టలేదు. మూత పెట్టి, పుస్తకం జేబులో పెట్టుకున్నాడు.

“పేజీ మూసెయ్యలేదేం?” అంది మీటరమ్మ.

“ఇంకా రాయాల్సింది ఉందమ్మా,” అన్నాడు కండక్టరు.